బిల్లు వద్దంటే ఏం బదులివ్వాలి?

పన్ను ఎగవేతకు సహకరించమనే కొనుగోలుదారులతో వర్తకులకు ఇబ్బంది
మొహమాటానికి పోతే బాధ్యత దుకాణదారుడిదే
చీటీతో సరిపెట్టుకుంటే కొన్నవారికీ నష్టమే

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: పెళ్లి ముహూర్తాలు, దసరా, సంక్రాంతి వచ్చాయంటే అంగళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది. ‘‘బిల్లు ఎందుకులేన్నా, చీటీ రాసియ్యి. పన్ను తీసేస్తే ఎంతవుతుందో చెప్పు’’. అడిగేది ముక్కూమొహం తెలియనివారైతే కాదనడం సులువు. కానీ ఇరవై ఏళ్లుగా వస్తున్న ఖాతాదారు, ఊరి పెద్ద, బంధువు, ఒక్కోసారి అధికారంలో ఉన్నవారు కూడా ఇదే మాట అడుగుతారు. కాదంటే పక్క అంగడికి పోతారన్న భయం, అవునంటే తనిఖీల్లో దొరుకుతామన్న భయం. ఈ రెండింటి మధ్య నలిగేది యజమాని ఒక్కడే కాదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న గుమాస్తా కూడా. ఇలాంటి కోరికలు ఏ రూపాల్లో వస్తాయి, చట్టం ఏమంటుంది, బేరం చెడకుండా ఎలా కాదనాలి అన్న అంశాలపై కథనం.

పాత అలవాటు
అమ్మకపు పన్నుకు, కడప జిల్లాకు పాత సంబంధమే ఉంది. జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం అమలుచేసింది. 1938లో దానిని కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరించింది. తగ్గిన ఆబ్కారీ ఆదాయాన్ని భర్తీ చేసుకునేందుకు 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత 1957లో రాష్ట్రానికి సొంత చట్టం వచ్చింది. ఆ చట్టం కింద చాలా సరుకులకు ఒకే దశలో పన్ను ఉండేది. ఎక్కువగా మొదటి అమ్మకం దగ్గరే వసూలయ్యేది. చిల్లర వర్తకుడి బిల్లుపై పన్ను కనిపించకపోవడం అప్పట్లో మామూలు విషయం.

2005 ఏప్రిల్ 1న విలువ ఆధారిత పన్ను (వ్యాట్), 2017 జులై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమల్లోకి వచ్చాయి. వీటితో పన్ను ప్రతి దశలోనూ లెక్కలోకి వచ్చింది. చట్టం మారినా అలవాటు మారలేదు. పన్ను అనేది అంగడివాడు తలచుకుంటే వదిలేయగల మొత్తమని పాతతరం కొనుగోలుదారులు ఇప్పటికీ అనుకుంటారు. ఇబ్బంది అంతా ఇక్కడే మొదలవుతోంది.

ఎన్ని రకాలుగా అడుగుతారు?
కోరికలు పైకి వేర్వేరుగా కనిపించినా ప్రధానంగా ఇవే:
• అసలు బిల్లే వద్దు, తెల్ల చీటీపై లెక్క రాసిస్తే చాలనడం. వాడుకలో దీనినే జీరో వ్యాపారం అంటారు.
• అసలు ధర కన్నా తక్కువకు బిల్లు రాసి, మిగతాది నగదుగా తీసుకోమనడం.
• ఎక్కువ పన్ను ఉన్న వస్తువు బదులు తక్కువ పన్ను ఉన్న వస్తువు పేరు రాయమనడం.
• ఒకే కొనుగోలును నాలుగు పేర్లపై నాలుగు బిల్లులుగా విడగొట్టమనడం.
• తాను కొన్న సరుకుకు వేరొకరి జీఎస్టీ నంబరు వేయమనడం.
• సరుకు తీసుకోకుండానే బిల్లు మాత్రం ఇవ్వమనడం.

మొదటిది చిన్నదిగా, చివరిది పెద్దదిగా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం బిల్లు లేకుండా సరుకు ఇవ్వడం, సరుకు లేకుండా బిల్లు ఇవ్వడం రెండూ నేరాలే.

వదులుకోగలిగేది ఎంత?
ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వర్తకుడు ఫ్రిజ్‌ను రూ.18,000కు కొన్నాడు. దానిపై 18 శాతం చొప్పున రూ.3,240 పన్ను కట్టాడు. చేతినుంచి పోయింది రూ.21,240. దానిని రూ.20,000కు అమ్మితే పన్ను రూ.3,600 కలిపి బిల్లు రూ.23,600 అవుతుంది. కొన్నప్పుడు కట్టిన రూ.3,240 మినహాయించుకుని, ప్రభుత్వానికి అతడు చెల్లించాల్సింది రూ.360 మాత్రమే.

కొనుగోలుదారు వదిలేయమంటున్నది రూ.3,600. అందులో రూ.3,240 అంతకుముందే చెల్లించినది. బిల్లు లేకుండా రూ.20,000కు ఇస్తే వర్తకుడికి కొన్న ధరే గిట్టదు, రూ.1,240 చేతినుంచి పడుతుంది. ఆ లోటు పూడాలంటే రెండే దారులు. లెక్కలో చూపని అమ్మకానికి సంబంధించిన రూ.3,240ని ఇతర అమ్మకాల పన్నులో సర్దుకోవాలి. లేదా సరుకునే బిల్లు లేకుండా కొనాలి. రెండూ తప్పుడు లెక్కలే. ఒక్క ఖాతాదారు మాట కాదనలేక చేసిన పని ఏడాది పొడవునా తప్పుడు పద్దులు రాయిస్తుంది.

పైగా కొన్న సరుకు వివరాలు టోకు వర్తకుడు దాఖలుచేసిన లెక్కల ద్వారా పన్నుల శాఖ వద్ద నమోదై ఉంటాయి. అమ్మినట్లు బిల్లు లేదు, అంగట్లో సరుకూ లేదు. తనిఖీలో నిల్వ లెక్కించిన రోజున ఈ తేడా బయటపడుతుంది. లెక్క చూపని సరుకుపై పన్ను నిర్ణయించి వసూలు చేసే అధికారం అధికారులకు ఉంది.

ప్రొద్దుటూరు: పెళ్లి బంగారం
రెండో ముంబైగా పేరున్న ప్రొద్దుటూరుకు పసిడి కొనుగోలు కోసం సీమ జిల్లాల నుంచి జనం వస్తారు. బంగారు నగలపై జీఎస్టీ 3 శాతం. రూ.2 లక్షల నగపై రూ.6,000. ఈ ఆరు వేలు మిగుల్చుకుందామన్న ఆశతోనే చాలామంది బిల్లు వద్దంటారు.

ఇందులో పోయేదెంతో చూద్దాం. లెక్క సులువు కోసం 22 క్యారెట్ల బంగారం గ్రాము రూ.10,000 అనుకుని, తరుగు, మజూరి పక్కనబెడదాం. 20 గ్రాముల నగ రూ.2 లక్షలు. 916 స్వచ్ఛత ఉండాల్సిన నగలో పరీక్షిస్తే 875 మాత్రమే ఉందని తేలితే, తగ్గిన బంగారం దాదాపు 4.5 శాతం. విలువలో సుమారు రూ.8,950. మిగుల్చుకున్న పన్ను కన్నా ఇది ఎక్కువ. హాల్‌మార్కు నగలో స్వచ్ఛత తగ్గితే, ఆ తేడా విలువకు రెట్టింపు మొత్తాన్ని, పరీక్ష ఖర్చులను కొనుగోలుదారుకు చెల్లించాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. కానీ ఏ అంగట్లో, ఏ రోజు, ఎంత బరువు కొన్నారో చూపేది బిల్లే. తెల్ల చీటీపై అంగడి పేరు కూడా ఉండదు.

పాత బంగారం మార్పిడిలోనూ ఇదే పేచీ వస్తుంటుంది. పాత నగ విలువ తీసేసి మిగతా మొత్తానికే పన్ను వేయమంటారు. కొత్త నగ పూర్తి విలువపై పన్ను లెక్కించి, ఆ తర్వాత పాత బంగారం విలువను తగ్గించడమే సరైన పద్ధతి. బేరం ఖాయం కాకముందే ఈ విషయం చెబితే గల్లాపెట్టె దగ్గర గొడవ ఉండదు.

నగదు విషయంలో మరో జాగ్రత్త అవసరం. రూ.2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోరాదన్న ఆదాయపు పన్ను నిబంధన 2017 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తండ్రి పేరున ఒక బిల్లు, మేనమామ పేరున ఒక బిల్లు రాయమని అడిగేది దీనిని తప్పించుకోవడానికే. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో తీసుకున్న మొత్తం, ఒకే వ్యవహారంలో తీసుకున్న మొత్తం, ఒకే శుభకార్యానికి సంబంధించి ఒక వ్యక్తి నుంచి తీసుకున్న మొత్తం... వీటిలో ఏది పరిమితిని చేరినా నిబంధన వర్తిస్తుంది. ఒకే పెళ్లి కోసం ఒకే వ్యక్తి విడతలుగా కట్టినా లెక్క ఒక్కటే. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడుతుంది. అది పడేది ఇచ్చినవారికి కాదు, తీసుకున్న వర్తకుడికి.

జమ్మలమడుగు: ఇంటి సామగ్రి
ఇల్లు కట్టుకునేవారికి సిమెంటు, ఇనుము పెద్ద ఖర్చు. సిమెంటుపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇనుప కమ్మీలపైనా 18 శాతమే. మొత్తం పెద్దది కావడంతో ఇక్కడ ‘‘సగానికి బిల్లు రాయి’’ అనే కోరిక ఎక్కువగా వస్తుంది.

సరుకు అంగట్లో ఉన్నంతసేపూ ఈ తేడా కనిపించదు. రోడ్డెక్కితే కనిపిస్తుంది. రూ.50,000 దాటిన సరుకు తరలింపునకు ఈ-వే బిల్లు ఉండాలన్న నిబంధన రాష్ట్రం లోపలి రవాణాకు 2018 ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకి వచ్చింది. రూ.90,000 సరుకుకు రూ.45,000 బిల్లు రాసి ట్రాక్టరులో పంపితే, దారిలో ఆపినప్పుడు బస్తాల లెక్కకు, బిల్లు లెక్కకు పొంతన ఉండదు. అప్పుడు సరుకును, వాహనాన్ని నిలిపివేసే అధికారం అధికారులకు ఉంది. సరుకు యజమాని ముందుకొచ్చి విడిపించుకోవాలంటే చెల్లించాల్సిన పన్నుకు రెండింతలు జరిమానా కట్టాలి. స్లాబు వేసే రోజున సిమెంటు దారిలో నిలిచిపోతే మేస్త్రీ, కూలీల కూలి అదనపు భారం.

రెడీమేడ్ దుస్తుల అంగళ్లలో మరో రకం కోరిక ఉంటుంది. ఒక్కో దుస్తు ధర రూ.2,500 వరకు 5 శాతం, దాటితే 18 శాతం పన్ను. రూ.3,000 చొక్కాను రూ.2,400గా రాసి, మిగతాది వేరే వస్తువు కింద చూపమంటారు. నిజంగా ధర తగ్గించి అమ్మితే తప్పులేదు. డబ్బు పూర్తిగా తీసుకుని కాగితంపై తగ్గిస్తే అది తప్పుడు బిల్లే.

పులివెందుల: మోటార్లు, పైపులు
అరటి, చీనీ తోటలున్న పులివెందుల ప్రాంతంలో బోరు మోటార్లు, స్టార్టర్లు, పైపుల కొనుగోళ్లు ఏడాది పొడవునా ఉంటాయి. బిందుసేద్యం పరికరాలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇక మోటారు విషయంలో బిల్లు విలువ వేరు. హామీ కాలంలో మోటారు కాలిపోతే కంపెనీ ప్రతినిధి మొదట అడిగేది బిల్లే. బిల్లుపై తేదీ, మోటారు వరుస సంఖ్య ఉంటేనే ఉచిత మరమ్మతు గురించి మాట్లాడతారు. ఎండాకాలంలో, గెల దశలో ఉన్న తోటకు నాలుగు రోజులు నీరు ఆగితే జరిగే నష్టం ముందు మిగుల్చుకున్న పన్ను ఎంత?

ఇళ్లలోకి కొనే ఏసీలు, టీవీలకు వేరొకరి జీఎస్టీ నంబరు వేయమనడం ఇంకో పద్ధతి. స్నేహితుడికి వ్యాపారం ఉంది, అతని నంబరు మీద రాస్తే పన్ను వెనక్కి వస్తుందంటారు. సొంత ఇంటి వాడకానికి కొన్న వస్తువుపై పన్ను మినహాయింపు చెల్లదు. ఆ బిల్లు ఎవరి నంబరుపై రాస్తే వారి ఖాతాలో కనిపిస్తుంది. రేపు వివరణ అడిగితే ఆ స్నేహితుడు, అమ్మిన వర్తకుడు ఇద్దరూ జవాబు చెప్పాలి. కొన్నది ఎవరో వారి పేరుమీదే బిల్లు ఇవ్వాలి.

చట్టం ఏమంటుంది?
• బిల్లు లేకుండా అమ్మినా, తప్పుడు బిల్లు ఇచ్చినా, సరుకు లేకుండా బిల్లు ఇచ్చినా కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 122 కింద రూ.10,000 లేదా ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తం, ఏది ఎక్కువైతే అది జరిమానా. రాష్ట్ర చట్టం కింద కూడా ఇంతే. రూ.6,000 పన్ను ఎగవేస్తే రెండు చట్టాల కింద జరిమానా రూ.20,000 వరకు పోతుంది. పన్ను, దానిపై ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.
• ఇలాంటి ఉల్లంఘనలకు సహకరించిన, ప్రోత్సహించిన వ్యక్తులపైనా రూ.25,000 వరకు జరిమానా వేయవచ్చు. యజమాని చెప్పాడని తెలిసీ తప్పుడు బిల్లు రాసిన గుమాస్తాకు కూడా ఇది ముప్పే.
• ఎవరి ప్రోద్బలంతో ఆ వ్యవహారం జరిగి, ఎవరికి లాభం దక్కిందో వారిపై పన్నుకు సమానమైన జరిమానా వేసే వీలును 2021 జనవరి 1 నుంచి చేర్చారు. ఈ నిబంధన ఎవరికి వర్తిస్తుందన్న దానిపై న్యాయస్థానాల్లో వాదనలు నడిచాయి.
• పద్దు పుస్తకాలు, బిల్లులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఈరోజు రాసిన తప్పుడు బిల్లు ఆరేళ్లకు పైగా అంగట్లోనే ఉంటుంది.
• బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. ‘కొన్నవారే వద్దన్నారు’ అని చెప్పి తప్పించుకోవడం కష్టం.

బేరం చెడకుండా కాదనడం ఎలా?
అడిగినవారంతా దొంగలు కారు. చాలామంది అలవాటుగా అడుగుతారు. కసురుకున్నా, చట్టం పేరుతో బెదిరించినా ఖాతాదారు దూరమవుతాడు. కింది పద్ధతులు ఉపయోగపడతాయి.

ధర తగ్గించండి, బిల్లు కాదు: బిల్లులోనే చూపిన తగ్గింపుపై పన్ను ఉండదు. పై ఉదాహరణలోని ఫ్రిజ్‌పై రూ.500 తగ్గిస్తే ధర రూ.19,500, పన్ను రూ.3,510, మొత్తం రూ.23,010. కొన్నవారికి రూ.590 కలిసొస్తుంది. వర్తకుడికి తగ్గేది రూ.500 మాత్రమే. ‘‘అన్నా, నా లాభంలో తగ్గిస్తా. పన్ను నాది కాదు, తగ్గించలేను’’ అన్న మాట వినేవారికి సబబుగా ఉంటుంది.

పన్ను కలిపిన ధరే చెప్పండి: ముందు ఒక ధర చెప్పి, చివర్లో ‘‘పన్ను అదనం’’ అంటేనే పేచీ మొదలవుతుంది. మొదటే మొత్తం చెప్పి, అందులో పన్ను ఎంతో బిల్లుపై చూపితే సగం వాదన తగ్గుతుంది.

బోర్డు పెట్టండి: ‘బిల్లు లేనిదే అమ్మకం లేదు’ అన్న బోర్డు గల్లాపెట్టె వద్ద ఉంటే, కాదన్నది గుమాస్తా కాదు, అంగడి పద్ధతి అవుతుంది. బంధువులకు, పెద్దలకు చెప్పడం కూడా తేలిక. అయితే యజమాని తన వాళ్ల కోసం ఒక్కసారి పద్ధతి తప్పినా ఆ బోర్డుకు విలువ ఉండదు.

బిల్లు వల్ల వచ్చే మేలు చెప్పండి: ‘‘అక్కా, రేపు ఈ గొలుసు మార్చుకోవాలన్నా, పోయిందని స్టేషన్లో ఫిర్యాదు చేయాలన్నా ఈ కాగితమే ఆధారం’’ అంటే బిల్లు వద్దన్నవారే అడిగి తీసుకుంటారు.

గుమాస్తాపై భారం వేయకండి: ఎవరైనా పట్టుబడితే యజమానితో మాట్లాడించాలని సిబ్బందికి ముందే చెప్పాలి. అధికార హోదాతో ఒత్తిడి తెచ్చినప్పుడు ఇది మరీ అవసరం. బిల్లు వల్ల పోయిన బేరాన్ని సిబ్బంది ఖాతాలో వేయరాదు.

చివరికి పోయే బేరాన్ని పోనివ్వడమే మేలు. పక్క అంగడిలో ఇస్తున్నారన్నది ఈ అంగడిలో తప్పు చేయడానికి కారణం కాదు. చీటీ వ్యాపారానికి అలవాటుపడిన ఖాతాదారు రేపు ఇంకో వంద తక్కువకు మరో అంగడి వెతుక్కుంటాడు. అతని చేతిలోని చీటీ మాత్రం తిరిగి మన మీదికే రావచ్చు.

పన్ను లేని బిల్లంతా ఎగవేత కాదు
బిల్లుపై పన్ను కనిపించనంత మాత్రాన ప్రతి చిన్న అంగడినీ అనుమానించరాదు. రాష్ట్రంలో సరుకుల అమ్మకం మాత్రమే చేసేవారి వార్షిక వ్యాపారం రూ.40 లక్షలు దాటకపోతే సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. రూ.1.5 కోట్ల వరకు వ్యాపారం ఉన్నవారు కాంపోజిషన్ పథకంలో చేరి, వ్యాపారంపై 1 శాతం తామే కట్టుకోవచ్చు. వీరు కొనుగోలుదారుల నుంచి పన్ను వసూలు చేయరాదు. ఆ విషయం బోర్డుపై, బిల్లుపై రాయాలి. రూ.200 లోపు కొనుగోలుకు, అడగనప్పుడు, విడిగా బిల్లు ఇవ్వకపోయినా రోజు చివర అన్నిటికీ కలిపి ఒక బిల్లు రాసుకోవచ్చు.

కొనుగోలుదారులూ... గమనించండి
• గరిష్ఠ చిల్లర ధర (ఎమ్మార్పీ)లో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దానిపై అదనంగా పన్ను అడిగితే ఇవ్వనవసరం లేదు.
• బిల్లుపై అంగడి పేరు, జీఎస్టీ నంబరు, వరుస సంఖ్య, తేదీ, పన్ను విడిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. నంబరు అసలుదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు.
• రూ.50,000, ఆపై విలువైన కొనుగోలుకు బిల్లుపై కొన్నవారి పేరు, చిరునామా ఉండాలి. అడిగితే అనుమానించవద్దు.
• బంగారు నగలపై ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలకు ఇది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.
• బిల్లు ఇవ్వకుంటే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. నష్టం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

కొనుగోలుదారు దగ్గర పన్ను పేరిట తీసుకున్న సొమ్మును ప్రభుత్వానికి కట్టకుండా ఉంచుకునే వర్తకులూ లేకపోలేదు. అది మరింత పెద్ద నేరం. దానికి విరుగుడు బిల్లు వద్దనడం కాదు, సరైన బిల్లు పట్టుబట్టి అడగడమే. కొన్నవారు అడిగి తీసుకుంటే, అమ్మేవారికి కాదనాల్సిన అవస్థే ఉండదు.